మన పెద్దల పేర్లు ఎక్కడ వ్రాయబడి ఉన్నవి?
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మీ తాతగారి తండ్రి పేరేమి అని అడిగినచో, ఇక్కడ కూర్చున్న యౌవనస్థులలో ఎందరు జవాబు చెప్పగలరు? గద్వాల, వనపర్తి సంస్థానముల రాజుల వంశావళి పుస్తకములకెక్కినది. ఊరి చివర బ్రతికిన మన పెద్దలకు వ్రాతగాండ్రు లేరు. అయినను వెదకువారికి దారి కలదు.

ఐర్లాండు దేశమున 1864 నుండి జనన, మరణ, వివాహములన్నియు సర్కారు రిజిష్టరులో వ్రాయబడుచున్నవి. 1922లో అంతర్యుద్ధమందు డబ్లిన్‌లోని రికార్డు భవనము కాలిపోయి, అనేక సంఘ రిజిష్టర్లు, పాత జనాభా లెక్కలు బూడిదైనవి. సర్కారు జనన మరణ రిజిష్టర్లు మాత్రము వేరొక చోట ఉన్నందున దక్కినవి. వాటి వలననే అమెరికాలోని ఐరిష్ సంతతివారు నేటికిని తమ ముత్తాతల ఊళ్లు కనుగొనుచున్నారు. మన సంగతి వేరు. జనన మరణముల నమోదుకు దేశమంతటికి ఒకే చట్టము 1969లో గాని రాలేదు. గనుక అంతకు ముందటి వారికి సంఘపు పుస్తకము, భూమి లెక్కలు, ఈ రెండే ముఖ్యాధారములు.

మొదట ఇంటిలోని వృద్ధులను అడుగుడి. ఇంటి పేరు, సొంత ఊరు, బాప్తిస్మమునకు ముందున్న పేరు వ్రాసికొనుడి. సంఘపు పుస్తకములో ఏసుదాసు అని ఉన్నవాడే పహాణీలో ఎల్లయ్య కావచ్చును. తండ్రి పేరు, ఊరి పేరు కలిసిన గాని ఇద్దరు ఒకరేనని నిశ్చయింపరాదు. కుటుంబపు బైబిలులో మొదటి పుటలు కూడ తిరగవేయుడి.

సంఘపు రిజిష్టరు చూచునప్పుడు ఒక జాగ్రత్త. ఈ ప్రాంతమున బాప్తిస్టు, మెన్నొనైట్ బ్రదరన్ మిషనులు పెద్దవారికే బాప్తిస్మమిచ్చెడివి. కావున బాప్తిస్మపు తేదీ పుట్టిన తేదీ కాదు. గద్వాల, మహబూబ్‌నగరు కేంద్రములు 1937లో బాప్తిస్టుల నుండి మెన్నొనైట్ బ్రదరన్ వారి చేతికి వచ్చెను. గనుక గద్వాలలో అంతకు ముందటి సంగతులకు బాప్తిస్టు మిషను కాగితములు వెదకవలెను.

ఇక సర్కారు లెక్కలు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారుతో పాటు సాగు చేయువాని పేరు కూడ ఉండును. పట్టా లేని మన పెద్దలు ఆ గడిలో కనబడవచ్చును. అంతకు పూర్వపు సేత్వారు మొదలగు నిజాం కాలపు కాగితములు ఉర్దూలో ఉండును. చదువగలవారి సాయము తీసికొనుడి. తేదీలు ఫసలీలో ఉండును. ఫసలీ సంవత్సరము ఆజూరు నెలతో, అనగా అక్టోబరులో మొదలగును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు 590, జనవరి నుండి 591 కలుపవలెను. 1340 ఫసలీ ఆజూరు అనగా 1930 అక్టోబరు.

ఏ జిల్లాలో వెదకవలెనో కూడ తెలిసి ఉండవలెను. గద్వాల, అలంపూరు తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలోనివి. తరువాత అవి మహబూబ్‌నగరులో చేరెను. నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. జిల్లా మారినప్పుడెల్ల పాత దస్త్రములు ఏ కచ్చేరిలో నిలిచినవో విచారింపవలెను.

ప్రియులారా, శ్రీశైలము జలాశయము క్రింద కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్లు మునిగినవి. ఊరితో పాటు సమాధులును మునిగినవి. ఆ కుటుంబములకు తాతలున్నారనుటకు కాగితమే మిగిలినది. ఆ కాగితమునకు చెదలు పట్టినచో రెండవమారు ముంపు వచ్చినట్లే.

కావున ప్రతి సంఘము తన రిజిష్టరునకు నకలు వ్రాయించవలెను. పుటపుటకు ఫొటో తీయించి, రెండు వేరు చోట్ల భద్రపరచవలెను. వెట్టి చేయువానిని ఊరు "ఒరే" అని పిలిచిన దినములలో, ఆ పుస్తకము వానిని పేరు పెట్టి వ్రాసికొనెను. ఆ పేరును పోగొట్టు హక్కు మనకు లేదు.