తాతగారి తుపాకి



గద్వాల, వనపర్తి సంస్థానాల నాటి తుపాకి ఏ ఇంటి గోడకైనా వేలాడుతుంటే "నూరేళ్ల నాటిది, దీనికి లైసెన్సు దేనికండీ?" అనుకుంటారు. నూరేళ్ల లెక్క 1972 పురావస్తువుల చట్టానిది. 1959 ఆయుధాల చట్టం వయసు అడగదు. మరమ్మతు చేసినా పేలని పాత తుపాకికే 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. తుప్పు పట్టింది కదా అంటే చాలదు. బాగుచేస్తే పేలేదైతే అది తుపాకే!

కుందా ఊడదీసి అటకమీద పెట్టినా అంతే. ఆయుధమన్న మాటలో దాని భాగాలూ చేరతాయి. పాత మౌజర్ పిస్తోలుకు చెక్క ఒరనే కుందాగా తగిలించవచ్చు. అమెరికాలో 1934 చట్టం ప్రకారం పిస్తోలుకు కుందా తగిలిస్తే పొట్టి రైఫిలు కింద లెక్క. కొన్ని పాత మౌజర్లకు మాత్రం సడలింపు ఇచ్చారు. మన మినహాయింపు కుందాను బట్టి రాదు, పేలుతుందా లేదా అన్నదాన్ని బట్టే.

లైసెన్సు లేకుండా దొరికితే, 2019 సవరణ తర్వాత, రెండు నుంచి ఐదేళ్ల జైలు. కాబట్టి ఇంటి పెద్ద పోతే తుపాకిని వెంటనే పోలీసు స్టేషన్లో గాని, లైసెన్సున్న డీలరు వద్ద గాని అప్పగించి రసీదు తీసుకోండి. తర్వాత వారసత్వపు దరఖాస్తు పెట్టండి. 2016లో జిల్లాలు విడిపోయాయి గనుక దానికోసం పాలమూరు పోనక్కరలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కలెక్టరాఫీసుల్లోనే అడగవచ్చు.