అడవి జీవుల ప్రయోగశాలకు మన పిల్లలు కూడా వెళ్లాలి
(బౌరంపేట్‌లో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం వస్తుందని మా తరం నమ్మింది. ఈనాడు డిగ్రీతోపాటు 'ఎక్కడ పని నేర్చుకున్నావు?' అన్న ప్రశ్న కూడా ఎదురవుతున్నది. మన చుట్టూ దుండిగల్, మైసమ్మగూడ, మేడ్చల్ ప్రాంతాలలో కళాశాలలకు కొదువ లేదు. బయోటెక్నాలజీ, జువాలజీ చదివే మన ఆడపిల్లల సంఖ్యా పెరుగుతున్నది. అయితే వారిలో ఎందరు పరిశోధనశాల గడప తొక్కుతున్నారు?

మన నగరంలోనే, అత్తాపూర్ దగ్గర, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే ప్రయోగశాల ఉన్నది. అంతరించిపోతున్న జీవజాతుల రక్షణ దాని పని. డాక్టర్ లాల్జీ సింగ్ చొరవతో ఏర్పడిన ఆ సంస్థను 2007లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. నెహ్రూ జంతుప్రదర్శనశాలతో కలిసి 2010లో అక్కడ మూషిక జింకల పెంపకం చేపట్టారు. అలా పెరిగిన జింకలను నల్లమలలోని అమ్రాబాద్ అడవులలో వదిలారు.

ఇందులో జన్యుశాస్త్రానికి పనేమిటని అడగవచ్చు. ఒక జాతి సంఖ్య తగ్గినప్పుడు దగ్గరి రక్తసంబంధం గల జీవులే జతకట్టవలసి వస్తుంది. సంతానం బలహీనపడుతుంది. ఏది దేనికి బంధువో డీఎన్ఏ చెబుతుంది. పులిని పట్టుకోనక్కరలేదు, అడవిలో దొరికిన దాని మలం నుంచి డీఎన్ఏ తీసి ఏ పులిదో గుర్తించవచ్చు. నమూనాను భద్రపరచడం, డీఎన్ఏ వేరుచేయడం, పీసీఆర్ యంత్రంపై దానిని పెంచడం, ఫలితాన్ని పోల్చి చూడడం: విద్యార్థి చేతితో నేర్వవలసినవి ఇవే. పుస్తకం ఎన్నిసార్లు చదివినా ఇవి చేతికి రావు.

మరొక మాట. ఎండిన మాంసపు ముక్క ఏ జంతువుదో తేల్చే డీఎన్ఏ పరీక్షను సీసీఎంబీ శాస్త్రవేత్తలే రూపొందించారు. వేటగాళ్ల కేసులలో అది సాక్ష్యం. మాంసం పేరిట అనుమానమే నేరంగా మారుతున్న ఈ కాలంలో, నిజం నిగ్గు తేల్చే బల్ల దగ్గర మన పిల్లలు కూడా కూర్చోవడం అవసరం కాదా?

ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సలీం అలీకి విశ్వవిద్యాలయ పట్టా లేదు. ముంబయి మ్యూజియంలో పనిచేసి, బెర్లిన్ వెళ్లి అక్కడి నిపుణుల దగ్గర పని నేర్చుకున్నారు. తరువాత నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినదీ ఆయనే. పని నేర్పిన చోటే ఆయనకు విశ్వవిద్యాలయమైంది.

అవరోధాలూ చెప్పుకోవాలి. పేరున్న కళాశాలల డిగ్రీ తరగతులలో 25 మందికి ఒక్కరే ముస్లిం విద్యార్థి అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. పీజీలో 50 మందికి ఒక్కరు. పరిశోధకులకు అండగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో కేంద్రం నిలిపివేసింది. దాని పునరుద్ధరణ మన హక్కుగా అడగాలి.

అయితే కొన్ని అడ్డంకులు మన ఇళ్లలోనే, కార్యాలయాలలోనే ఉన్నవి. మాకు తెలిసిన ఒక అమ్మాయికి శిక్షణకు దరఖాస్తు చేయడానికి కళాశాల లేఖ కావలసివచ్చింది. ఆ కాగితం బల్లపై పదకొండు రోజులు నిలిచింది. గడువు దాటిపోయింది. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. గుమాస్తాగా ముప్ఫై ఏళ్లు పనిచేసిన మేము ఎన్ని కాగితాలను 'రేపు రమ్మని' పంపలేదు? వాటి వెనుక ఎవరి గడువులు దాటిపోయాయో అప్పుడు అడగలేదు.

కనుక మేము ఒక పని పెట్టుకున్నాము. ప్రతి ఆదివారం జుహర్ నమాజు తరువాత ఇక్కడే కూర్చుంటాము. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ వంటి వాటికి దరఖాస్తులు నింపుతాము, లేఖల కోసం కళాశాలలకు మేమే తిరుగుతాము. బౌరంపేట్ నుంచి అత్తాపూర్ దూరమే. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి వెళ్లేలా చూద్దాము. దారి ఖర్చు లేనివారికి జమాత్ పెద్దలు తోడు నిలవాలి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ రెండు నెలలు ప్రయోగశాలకు వెళ్తానంటే 'జీతమెంత?' అని ముందుగా అడగవద్దు. 'ఏమి నేర్పుతారు?' అని అడగండి. మిగిలినది మనందరం కలిసి చూసుకుందాము.