దరఖాస్తు రాసుడు ద్రోహం కాదు

(దోమకొండలో ఉద్యోగులు, విద్యార్థుల ముందర చేసిన ప్రసంగ పాఠం)



గడీ ఉన్న ఊర్ల నిలవడి మాట్లాడుతున్నం. దోమకొండ కోటను బాగుచేసిన తీరుకు 2022ల యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. సంతోషం. గానీ తెలంగాణ గడీల ముంగట ‘బాంచెన్’ అనిపించిన భయం ఎటు పోయింది? చానా చోట్ల అది ఆఫీసుకు బదిలీ అయింది.

పని అడిగే అధికారి మీద మనకు కోపం లేదు. ఆలస్యంగ వస్తే మెమో ఇచ్చుడు వేధింపు కాదు. నలుగుర్ల బూతులు తిట్టుడు, లీవు కాగితం ముఖాన విసురుడు, ఒక్కన్నే ఏరుకొని రాత్రిదాంక కూసోబెట్టుడు, ఎదురడిగితే బదిలీ చేస్తనని బెదిరించుడు, గిది వేధింపు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు చానా కుర్సీల మనోళ్లే ఉన్నరు. మనోని మీద మనమే దరఖాస్తు పెడితె ఎట్ల అని అడిగేటోళ్లున్నరు. మేం ఎదురు అడుగుతున్నం: మనోడు తిడితె నొప్పి తక్కువైతదా? ఉద్యమం కొట్లాడింది కుర్సీల మనిషిని మార్చెతందుకే కాదు, కుర్సీ ముంగట నిలవడ్డ మనిషి తలెత్తుకునెతందుకు.

కాగితం విలువ మనకు ఒకలు చెప్పాల్నా? ఉద్యోగుల లెక్కలు, అర్జీల మీదనే 1985 డిసెంబరు 30న 610 జీవో వచ్చింది. 1986 మార్చి 31 కల్లా స్థానికేతరులను వెనుకకు పంపాలని అండ్ల రాసిండ్రు. గడువు పోయింది, అమలు కాలే. 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వెయ్యాల్సొచ్చింది. ఆ జీవో మనకు రెండు సంగతులు నేర్పింది. రాసి పెట్టుకున్నది యేండ్లు గడిచినా సాక్ష్యమైతది. రాసి ఊకుంటె మాత్రం బీరువల పడుంటది.

మరి ఎట్ల రాయాలె? ‘మా సారు రాక్షసుడు’ అని రాస్తె అది తిట్టు, ఫిర్యాదు కాదు. ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఏ గదిల, ఏ మాట అన్నడు, ఎవరు విన్నరు, గివి రాయాలె. జరిగిన నాడే నోట్‌బుక్కుల రాసుకోవాలె. ఫోన్ల వచ్చిన మెసేజ్ చెరపొద్దు. చివరన ఏం కావాల్నో ఒక్క ముక్కల అడగాలె: విచారణా, సెక్షన్ మార్పా, మెమో రద్దా? ఇచ్చినట్టు ముద్ర, సంతకం ఉన్న నకలు ఇంట్ల దాసుకోవాలె.

సర్కారు ఉద్యోగికి ఒక చిక్కుంది. అర్జీ ‘ప్రాపర్ చానల్’ల పోవాలంటరు. ఆ చానల్ల మొదట కూసున్నది తిట్టినాయనే! అందుకే పైఅధికారికి అడ్వాన్స్ కాపీ పంపుడు మర్వొద్దు. జవాబు లేకుంటె 2005 సమాచార హక్కు చట్టం కింద ‘నా అర్జీ ఏ దశల ఉన్నది’ అని అడగొచ్చు. 30 రోజులల్ల చెప్పాలె.

ఫ్యాక్టరీలు, కంపెనీల కార్మికులకు 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలుకొచ్చింది. 20 మంది, అంతకన్న ఎక్కువ కార్మికులున్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలె. అండ్ల యాజమాన్యం వాళ్లు ఎందరో, కార్మికులు అందరే. జరిగిన యేడాదిలోపల దరఖాస్తు పెట్టుకోవాలె. ఆడవాళ్లను ఆడవాళ్లని వేధిస్తె 2013 చట్టం వేరే ఉన్నది. పది మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలె. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. మీ ఆఫీసు గోడ మీద ఆ కమిటీ పేర్లు ఉన్నయా? రేపు పోయి చూడుండ్రి.

మన కామారెడ్డి దిక్కు బీడీలు చేసే అక్కలకు ఈ బాధ అందరికన్న ముందు తెలుసు. చేసిన బీడీలు బాగలేవని తీసి పారేస్తె ఆ కూలి పోతది. ఎదురడిగితె రేపు ఆకు ఇయ్యరని భయం. ఇంట్ల కూసోని చేసినా కార్మికురాలేనని 1966 బీడీ కార్మికుల చట్టం ఒప్పుకున్నది. బీడీలు తీసేసే తగాదాను జల్ది తేల్చే అధికారి ఉండాలన్నది. ఆ చట్టం ఇప్పుడు కొత్త కోడ్ల కలిసిపోయింది. అది అక్కల చేతికి దొరకాలంటె చదువుకున్న మీరు పక్కన కూసోని దరఖాస్తు రాయాలె.

పెట్టె పెడితెనే న్యాయం రాదు. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. అది ముగిసినంక డిపోలల్ల సంఘాల జాగల సంక్షేమ మండళ్లు పెట్టిండ్రు. సంఘం లేని చోట కండక్టరు, డ్రైవరు తన గోస ఒక్కడే చెప్పుకోవాలె. ఒక్కని మాటను ‘వీనికి పని చాతగాదు’ అని కొట్టేసుడు అల్కగ. నలుగురు సంతకం పెడితె కొట్టేసుడు కష్టం.

అందుకే ఆఖరి మాట తిట్లు పడ్డాయనకు కాదు, పక్క సీట్ల కూసున్న మీకు. మీరు విన్నరు, చూసిండ్రు. అయినా ఫైలుల తల పెట్టుకున్నరు. రేపు మీ తోటోడు దరఖాస్తు రాస్తె సాక్షి జాగల మీ పేరు రాయనియ్యుండ్రి. మెమో వస్తె అందరికీ రానియ్యుండ్రి. 2011 సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం వదులుకొని నిలవడ్డ చేతులు ఇవి. ఒక్క సంతకానికి వణుకుతయా?