అరబ్బు కళాకారుల కళాసాధన
(రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును ఆరనీయక కాపాడుచున్న కార్యవర్గమువారికి నా అభినందనలు. నాలుగు మాటలు చెప్పుటకు నన్నాహ్వానించినందులకు కృతజ్ఞతలు.

అరబ్బు దేశములనగానే మనకు ఎడారియు, ఒంటెయు, నూనెబావులును, గల్ఫునకు పనికై పోయిన మన బిడ్డలును జ్ఞప్తికి వత్తురు. ఆ దేశములు కన్న కళాకారులు తమ పనిని గూర్చి చెప్పిన మాటలు మనకును పనికివచ్చునని తలంచి, నేడు మువ్వురిని గూర్చి ముచ్చటించెదను.

మొదటివారు వాయిల్ షౌకీ. 1971లో ఈజిప్టునందలి అలెగ్జాండ్రియాలో జన్మించిరి. క్రూసేడుల పేరిట ఐరోపావారు జెరూసలేముకొఱకు సాగించిన యుద్ధములను మనము పాఠ్యపుస్తకములందు చదివితిమి. అరబ్బు చరిత్రకారులు ఆ కథను వ్రాసియుంచిన తీరు వేరు. లెబనానులో పుట్టిన రచయిత అమీన్ మాలూఫ్ ఆ వ్రాతల నాధారముగా గొని 1983లో ఒక గ్రంథము వెలయించిరి. దాని నాధారముగా షౌకీగారు 2010 మొదలు 2015 వరకు మూడు చలనచిత్రములు తీసిరి. వానియందు నటులకు బదులు దారములతో ఆడించు బొమ్మలు గలవు.

నటుడు తన ముఖముతో చూపరిని జాలిపడుమనియు, కోపపడుమనియు పురికొల్పును. బొమ్మకు ఆ నటన లేదు. అందుచేత చూపరి కథను తానే తూచుకొనవలసివచ్చును. ఇది షౌకీగారి భావము. బొమ్మల దారములను కూడ వారు దాచలేదు. రాజులను, మతగురువులను ఎవరో ఆడించుచున్నారని మనకు క్షణక్షణము తెలియుచుండును. మన నాటకములందలి సూత్రధారుడను మాటకు దారము పట్టినవాడనియే గదా అర్థము!

మొదటి చిత్రమునకు ఇటలీలోని తూరిన్ నగరపు సేకరణనుండి సుమారు 200 ఏండ్లనాటి బొమ్మలను తెచ్చిరి. రెండవదానికి ఫ్రాన్సులో మట్టిబొమ్మలకు పేరుగన్న ఓబాన్ అను ఊర బొమ్మలు చేయించిరి. మూడవదానికి వెనిసు చేరువనున్న మురానో దీవిలో గాజుబొమ్మలు చేయించిరి. గాజురాజు కత్తి దూసినప్పుడు, ఆ ప్రతాపమెంత పెళుసైనదో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ చిత్రములందు పోపు సహితము గ్రాంథికమైన అరబ్బీలోనే మాటలాడును. ఇతరుల నోట వినుచుండిన తమ కథను తమ నోట చెప్పుకొనవలెనను పట్టుదల యది.

2024లో వెనిసు కళాప్రదర్శనమున ఈజిప్టు పక్షమున వారు "డ్రామా 1882" అను సంగీతచిత్రమును ప్రదర్శించిరి. 1882లో బ్రిటిషువారు అలెగ్జాండ్రియాపై ఫిరంగులు ప్రేల్చి, ఈజిప్టును ఆక్రమించిన కథ యది. దానిని ఆ నగరమందలి పాత ఆరుబయలు నాటకశాలలోనే చిత్రించిరి. దర్శకత్వము, సంగీతము, నటుల కదలికల కూర్పు వారివే. ఈసారి నటించినవారు మనుష్యులే; అయినను బొమ్మలవలె మెల్లగా కదలుదురు.

రెండవవారు మోనా హాతూమ్. 1952లో బేరూతునందు పాలస్తీనా కుటుంబమున జన్మించిరి. 1975లో లండను చూడబోయినప్పుడు లెబనానులో అంతర్యుద్ధము చెలరేగుటచే అచ్చటనే నిలిచిపోయిరి. క్రొత్త ఊరికి పోయినప్పుడు ఆ ఊరి వస్తువులను, చేతిపనులను చూచుచు తిరిగి, వానినుండి పని మొదలిడుట ఆమె పద్ధతి. 1996లో జెరూసలేములో అట్లు తిరుగుచుండగా, నాబ్లుస్ పట్టణమున ఆలివునూనెతో చేయు సబ్బుబిళ్ళలు కంటబడెను. వానిని నేలపై పేర్చి, 1993నాటి ఓస్లో ఒడంబడికను బట్టి పాలస్తీనీయులకు అప్పగింపవలసిన భూముల పటమును వానిపై గుర్తింప సంకల్పించిరి. తొలుత మేకులు గ్రుచ్చదలచిరి; అది మిక్కిలి కఠినముగ తోచెను. అందుచే ఎఱ్ఱని చిన్న గాజుపూసలను ఒత్తిరి. చూడవచ్చిన ఒకరు, సబ్బు కరగిననాడు ఈ సరిహద్దులును కరగిపోవుననియా మీ భావమని అడిగిరట!

మూడవవారు ఎటెల్ అద్నాన్ (1925–2021). వీరును బేరూతునందే జన్మించిరి. ఫ్రెంచి బడిలో చదివినందున అరబ్బీ చక్కగా అబ్బలేదు. ఇంట తండ్రి అరబ్బీ వ్యాకరణమును ఎదుట బెట్టి ఎత్తి వ్రాయించెడివారు. అర్థము తెలియకున్నను ఆ అక్షరములు వ్రాయుట బాలికకు వేడుకయయ్యెను. ఆమె కాలిఫోర్నియాలో బోధించుచుండగా అల్జీరియా స్వాతంత్ర్యయుద్ధము (1954–62) సాగుచుండెను. ఫ్రెంచిలో వ్రాయుటకు మనసొప్పలేదు. అరబ్బీలో వ్రాయలేకున్నను అరబ్బీలో చిత్రించెదనని రంగులు చేపట్టిరి. పిమ్మట మడతలుగా విచ్చుకొను పుస్తకములందు అరబ్బు కవుల పద్యములను స్వహస్తముతో ఎత్తివ్రాసి, రంగులతో అలంకరించిరి.

సోదరులారా! ఒకరికి దారము, ఒకరికి సబ్బు, ఒకరికి అక్షరము. కథ ఇతరుల వశమైనను, ఊరు దూరమైనను, భాష చేజారినను, తిరిగి చేపట్టుటకు ఆ చిన్న వస్తువులే వారికి దారి చూపినవి.

మన ప్రాంతమున తోలుబొమ్మలాటనే నమ్ముకొన్న కుటుంబములు ఇంకను గలవు. తోలు నెట్లు పదును చేయుదురో, రంధ్రములెట్లు తొలుతురో, రంగులెట్లు పూయుదురో వారినే అడిగి, వారి మాటలలోనే వ్రాసి ఈ గ్రంథాలయమున భద్రపరచుడని నా ప్రార్థన. స్వర్ణోత్సవమునాటి పిల్లలు దానిని చదువుకొందురు గాక!