హద్దుల్లో మిగిలిన ఇల్లు
(మైనారిటీ హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



తాతముత్తాతల ఇళ్ల అన్వేషణ గురించి మాట్లాడమన్నారు. నేను మా దాదీతో మొదలుపెడతాను. ఆమె బీదర్ జిల్లాలోని ఒక పల్లెలో పుట్టింది. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య రోజుల్లో, పద్నాలుగేళ్ల వయసులో తల్లి చెయ్యి పట్టుకొని జహీరాబాద్ చేరింది. ఆమె తండ్రి రాలేదు. ఆయన ఏమయ్యారో ఆమె చివరి వరకు చెప్పలేదు. ఇంటి గురించి మాత్రం చెప్పేది. వాకిట్లో వేపచెట్టు, లోపల చేదబావి, గడప ముందు రెండు మెట్లు. రెండో మెట్టుకు ఒక మూల విరిగి ఉండేదట.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందం 1948 చివర్లో హైదరాబాద్ సంస్థానంలో పర్యటించి, మృతుల సంఖ్య 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటుందని అంచనా వేసింది. ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందలేదు. ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడిన హిందువుల ప్రస్తావన కూడా అందులో ఉంది. అంతకు ముందు రజాకార్ల దౌర్జన్యాలకు ఇళ్లు కోల్పోయిన కుటుంబాల దుఃఖమూ నిజమే. ఒకరి గాయం చెప్పడానికి మరొకరి గాయాన్ని దాచనక్కరలేదు.

దాదీ పోయాక నేనూ నాన్నా ఆ ఇంటిని వెతకబోయాము. మొదటి అడ్డంకి సరిహద్దే. అప్పట్లో జహీరాబాద్ కూడా బీదర్ జిల్లాలోనిదే. 1956లో అది మెదక్‌లో కలిసింది, మా పల్లె కన్నడ సీమలో ఉండిపోయింది. గుల్బర్గా నుంచి వచ్చిన కొడంగల్, తాండూరు వారికీ ఇదే చిక్కు. రెండవ అడ్డంకి, రెవెన్యూ లెక్కలు పొలాలకు ఉంటాయి. ఊరి మధ్యనున్న ఇళ్లకు, గ్రామకంఠానికి, అలా విడివిడిగా ఉండవు. మూడవది నా అజ్ఞానం. నేను తెలుగు మీడియంలో చదివాను. మా ముత్తాత పేరు కాగితం మీద కనిపించినా నేను చదవలేను.

ఊరిలో ఒక లింగాయత్ పెద్దాయన మమ్మల్ని ఇంట్లోకి పిలిచారు. తమ తాత ఇల్లు కొన్నప్పటి ఉర్దూ దస్తావేజును పెట్టెలోంచి తీశారు. మాతో వచ్చిన విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు హద్దులు చదివారు: తూర్పున బాట, దక్షిణాన బావి, పడమర ఖాళీ స్థలం, ఉత్తరాన మా ముత్తాత ఇల్లు. ఆ పేరు వినగానే నాన్న నేల మీద కూర్చుండిపోయారు. మా కాగితం ఒక్కటీ మిగలలేదు. పొరుగువారి కాగితంలో మా ఇల్లు ఒక హద్దుగా మిగిలింది.

ఆ ఉత్తరపు స్థలంలో ఇప్పుడు మరొకరి ఇల్లు ఉంది. మేమెవరమో తెలియగానే ఆ ఇల్లాలి ముఖంలో భయం కనిపించింది. "అమ్మా, అడగడానికి రాలేదు, చూడడానికి వచ్చాము" అన్నారు నాన్న. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. వేపచెట్టు లేదు, బావి పూడ్చేశారు. మూల విరిగిన రాయి మాత్రం పెరటి గుమ్మం ముందు ఉంది.

ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. అస్సాంలో 1971 మార్చి 24 నాటికి ముందున్న కుటుంబ పత్రాలు చూపమన్నారు. 2019లో ప్రకటించిన పౌర పట్టికలో 19 లక్షల మందికి పైగా చోటు దొరకలేదు. తాత ఊరు తెలియడం జ్ఞాపకం మాత్రమే కాదు, రేపు అవసరమయ్యే సాక్ష్యం కూడా. ఇల్లు తిరిగి అడగకపోవడం మా నిర్ణయం. ఆ ఇల్లు ఉండేదని చెప్పుకోవడం మా హక్కు.

కాబట్టి రెండు పనులు కోరుతున్నాను. ఒకటి ప్రభుత్వానిది. సేత్వార్లు, పహాణీలు, మున్తఖబ్‌ల వంటి పాత ఉర్దూ రికార్డులను శిథిలం కాకముందే స్కాన్ చేయించి, తెలుగు అనువాదంతో సామాన్యులకు అందించాలి. రెండవది మనది. ఖాజీల నికా రిజిస్టర్లు, ఖబ్రస్తాన్ రాళ్లు, పొరుగువారి దస్తావేజులు చూడండి. ఉర్దూ చదవగల పెద్దల పక్కన ఒక యువకుణ్ణో యువతినో కూర్చోబెట్టండి.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక అందరికన్నా పెద్దవారిని ఒక్క ప్రశ్న అడగండి: "మీరు పుట్టిన ఇంటికి నాలుగు వైపులా ఎవరుండేవారు?" వారు చెప్పింది తేదీ వేసి రాసుకోండి. మా దాదీని నేనా ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆ పొరుగాయన పేరు నాకు చిన్ననాడే తెలిసేది.

సెలవు. ఖుదా హాఫిజ్.