వెలుగు ఆరిన గడియారము

మీ యింట భద్రపరచిన పాత కెమెరా కటకము పసుపు వన్నెకు తిరిగినదా? అందు థోరియం ఉండవచ్చును. కాంతిని బాగుగా వంచుచు, రంగులను చెదరనీయని గుణము కొరకు 1940ల మొదలు 1970ల వరకు కొన్ని కటకముల గాజులో దానిని కలిపెడివారు. అరగదీయక, పగులగొట్టక అలమరలో నుంచిన కెమెరాకు భయపడనక్కరలేదు.

చీకటిలో మెరసిన రేడియం గడియారము సంగతి వేరు. నేడది మెరయుట లేదు గనుక రేడియం పోయినదని తలపరాదు. అలసినది దానితో కలిపిన జింకు సల్ఫైడు మాత్రమే. రేడియం సగము తరుగుటకే 1600 ఏండ్లు పట్టును. 1920ల కాలమున అమెరికాలో కుంచె మొనను పెదవులతో సన్నపరచి ఆ అంకెలను దిద్దిన యువతులు పలువురు దవడ ఎముకలు చెడి మరణించిరి. శరీరములోనికి పోయిన ధూళియే ప్రమాదము. తాతగారి గడియారమును దాచుకొనుడు. దాని అద్దమును మాత్రము ఎవరును ఊడదీయరాదు.