నుదుటి మీద బూడిద, రిజిస్టరులో మతం

(పల్నాడులో ఒక ఆర్.సి.ఎం. ప్రాథమిక పాఠశాల ఆవరణలో, తపస్సుకాలపు శుక్రవారం సిలువమార్గం అయిన తర్వాత, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మిరపకోతల నుంచి నేరుగా వచ్చి కూర్చున్న తల్లులు చాలామంది ఉన్నారు. చేతుల మంట ఇంకా తగ్గి ఉండదు. అందుకని సూటిగా విషయంలోకి వస్తాం.

మేము ఫాదరుగారిలాగా వాక్యం చెప్పడానికి రాలేదు. మేము బడిపంతుళ్లం. మా ఇళ్లల్లో మొట్టమొదట డిగ్రీ కాగితం తెచ్చినవాళ్లం. మాలో చాలామంది ఇలాంటి ఆర్.సి.ఎం. బడుల్లోనే పలకాబలపం పట్టారు. ఊరిబడిలో మన పిల్లల్ని గడప అవతల కూర్చోబెట్టిన రోజుల్లో వాడలో బడి పెట్టి అక్షరం ఇచ్చింది మిషను. ఆ రుణం మరిచే జాతి కాదు మనది. రుణం ఉంది గదా అని అడగవలసింది అడగకుండా మానుకునే జాతి కూడా కాకూడదు.

విభూది బుధవారం మొదలు పాస్కా పండుగ దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు తపస్సుకాలం. ఈ 40 రోజులు మన బడిలో ఎలా గడుస్తాయో చూడండి. శుక్రవారం శుక్రవారం సిలువమార్గం. సిస్టరమ్మలు ఇచ్చిన డబ్బాల్లో పిల్లలు రూపాయి, రెండు రూపాయలు వేస్తారు. సరిగ్గా ఈ రోజుల్లోనే మిరపకోతలు. హాజరుపట్టీలో పదేళ్ల పిల్లల పేర్ల ఎదురుగా సున్నాలు పడేదీ ఇప్పుడే. మార్చి నడిమికి ఒంటిపూట బడులు వస్తాయి. గురుకులాల్లో ఐదో తరగతి సీట్ల కోసం కులం సర్టిఫికెట్టు పట్టుకుని తల్లులు తిరిగేదీ ఈ కాలంలోనే. తపస్సూ, కోతా, సర్టిఫికెట్టూ మూడూ ఒకేసారి మన నెత్తిన పడతాయి. ఈ మూడింటికీ ఉన్న ముడి గురించే ఈరోజు మాట్లాడదలిచాం.

విభూది బుధవారం సంగతి తీసుకుందాం. కిందటి ఏడాది మ్రానికొమ్మల ఆదివారంనాడు పట్టుకున్న కొమ్మల్ని కాల్చి ఆ బూడిద చేస్తారు. మట్టి నుంచి వచ్చావు, మట్టిలో కలుస్తావు అని గుర్తు చేస్తూ నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు. పెద్దదొరకైనా, పాలేరుకైనా అదే బూడిద. ఇంత సమానం ఇంకెక్కడుంది? కానీ చాలా వాడల్లో జరిగేది ఏమిటి? పిల్ల గుడి మెట్లు దిగగానే తల్లి కొంగుతో ఆ నుదురు తుడుస్తుంది. ఆ రోజే సచివాలయానికి పోవాలి. లేదా వీఆర్వో విచారణకు వస్తాడు. నుదుటి మీద బూడిద కనబడితే సర్టిఫికెట్టు ఆగుతుందేమోనని భయం.

ఆ తల్లిని మేము తప్పు పట్టం. ఆమె చేత తుడిపించిన చట్టాన్ని తప్పు పడతాం.

ఆ చట్టమేమిటో అందరూ తెలుసుకోవాలి. 1950లో రాష్ట్రపతి పేరు మీద షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతం పుచ్చుకున్నవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని ఆ పేరా చెబుతుంది. 1956లో సవరించి సిక్కుల్ని చేర్చారు. 1990లో మళ్లీ సవరించి బౌద్ధుల్ని చేర్చారు. ఆ రెండూ న్యాయమైనవే. మరి క్రైస్తవ దళితుల్నీ, ముస్లిం దళితుల్నీ ఎందుకు బయటే ఉంచారు?

బయట ఉంచితే పోయేదేమిటి? మన రాష్ట్రంలో ఎస్సీలకు రిజర్వేషను 100కి 15. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లనూ, వాళ్ల సంతానాన్నీ బి.సి.-సి లో వేసి 100కి 1 ఇచ్చారు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో బి.సి.-సి కి 100 సీట్లలో 12 ఉన్నాయి. ఎస్సీలకు 75. గురుకులం దాకా ఏదో ఒక దారి ఉందనుకున్నా, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క శాతంలో అందరూ తొక్కుకోవాలి. 1977లో రాష్ట్ర ప్రభుత్వం 341 నంబరు జీవో ఇచ్చింది. దాని ప్రకారం కొన్ని ఆర్థిక రాయితీలు ఎస్సీలతో పాటు మనకూ వస్తాయి. కానీ చట్టం ప్రకారం వచ్చే హక్కులు రావు. ఎస్సీలకు కేటాయించిన సీటులో సర్పంచిగా నిలబడలేం. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మనల్ని కులం పేరుతో తిట్టి కొట్టినా 1989 నాటి అట్రాసిటీ చట్టం మనకు అడ్డం రాదు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో ఆ మాటే చెప్పింది.

కోర్టుల కథ కొత్తది కాదు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన ఉండేవాడు. చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. క్రైస్తవుడివని ఆయనకు ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1985లో కోర్టు ఆయన మాట కొట్టేసింది. మతం మారాక కూడా అదే తీరున కష్టాలు ఉన్నాయని రుజువులు చూపించలేదన్నది. ఆలోచించండి. అదే ఆరె, అదే తోలు, అదే రోడ్డు. ఆయన కూర్చున్న చోటు కన్నా పెద్ద రుజువు ఏం కావాలి? 2024 నవంబరులో పుదుచ్చేరి ఆడబిడ్డ కేసులో సుప్రీంకోర్టు జ్ఞానస్నానం, గుడికి పోవడం చూసి ఎస్సీ సర్టిఫికెట్టు ఇవ్వక్కర్లేదన్నది. బూడిద చూసి తల్లులు భయపడుతున్నారంటే ఊరకే భయపడటం లేదు.

ఇందువల్ల పిల్లవాడికి రెండు బతుకులు వస్తున్నాయి. ఒకే ఆవరణలో గుడి, బడి. గుడిలో జ్ఞానస్నానాల పుస్తకం, బడిలో అడ్మిషను రిజిస్టరు. ఆ పుస్తకంలో ఒక పేరు, ఈ రిజిస్టరులో ఇంకొక పేరు. అక్కడ ఒక మతం, ఇక్కడ ఇంకొక మతం. తపస్సుకాలంలో మనం పిల్లలకు ఏం చెబుతున్నాం? అబద్ధమాడకు, ఆడితే పాపసంకీర్తనంలో చెప్పుకో అని. ఆ పిల్లవాడే టీసీ చేతికి వచ్చిన రోజు మతం గడి చూసి, పంతులుగారూ ఇదేంది అంటాడు. ఏం చెప్పాలి మేము? నువ్వు చిన్నప్పుడే ఈ దేశం నీ నోట అబద్ధం పెట్టిందిరా అని చెప్పాలి.

ఇంతకీ ఊరు మనల్ని మతం చూసి పిలుస్తుందా? 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీదికి గొడ్డళ్లు, బరిసెలు తీసుకుని వచ్చినవాళ్లు ఎవరినీ జ్ఞానస్నానం అయిందా అని అడగలేదు. చనిపోయినవాళ్లలో మోషే ఉన్నాడు, అబ్రహాము ఉన్నాడు. బైబిలు పేర్లు గొడ్డలిని ఆపలేదు. మన మతం మారిందని ఢిల్లీ కాగితానికి తెలుసు గానీ ఊరికి తెలియదు.

అయితే ఊరినొక్కదాన్నే అని లాభం లేదు. గుడి గోడల లోపలి సంగతి కూడా చెప్పుకోవాలి. మన జిల్లాల్లో జెస్యూటు గురువుల కాలంలో, 18వ శతాబ్దంలో, మొదట కతోలికులయినవాళ్లు రెడ్లు, కమ్మలు. మన వాడలు గుంపులు గుంపులుగా వచ్చింది ఆ తర్వాత. రాగానే మనకు దేవుడు దొరికాడు గానీ ముందు వరస దొరకలేదు. వేరే కూర్చోవడం, వేరే సమాధులు, పండుగ పెత్తనం వాళ్లది, డప్పు మనది. ఇది మేము అంటున్న మాట మాత్రమే కాదు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సభే దళితుల గురించి ఒక విధానపత్రం వేసి, సంఘం లోపల వివక్ష ఉందని ఒప్పుకున్నది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కార్డినలు అయ్యారు. దళితుల్లోంచి మొట్టమొదటి కార్డినలు. మనందరికీ గర్వం. కానీ రోములో మనవాడికి ఎర్రటోపీ వచ్చినంత మాత్రాన మన విచారణలో సమాధుల మధ్య గోడ దానంతటదే కూలదు. ఎవరో ఒకరు పలుగు పట్టాలి.

ఇప్పుడు పిల్లల కడుపు సంగతి. తపస్సుకాలం వచ్చిందని కొందరు పిల్లల చేత ఒక్కపొద్దు ఉంచుతున్నారు. శుక్రవారం గుడ్డు తినకూడదని పళ్లెంలో గుడ్డు పక్కన పెట్టిస్తున్నారు. అమ్మా, సంఘ చట్టం ఏం చెబుతుందో వినండి. 1983 నాటి చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండనివాళ్లకు మాంసం మానే నియమమే లేదు. ఒక్కపొద్దు 18 ఏళ్లు నిండినవాళ్లకే. గుడ్డు ఆ చట్టంలో మాంసం కిందికే రాదు. రోములో లేని నియమం మన వాడలో ఎక్కడి నుంచి వచ్చింది? తినకపోవడం గొప్ప, తినేది తక్కువ అనే బుద్ధి మనకు బైబిలు ఇచ్చింది కాదు, కులం ఇచ్చింది. మన తిండిని చూసి మనల్ని అంటరానివాళ్లన్న బుద్ధి అది.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇస్తే, 2003లో మన బళ్లలో మధ్యాహ్నం అన్నం వండటం మొదలైంది. సర్కారు బడితో పాటు ఎయిడెడ్ బడి పిల్లలకూ అది హక్కు. ఏడాది పొడుగునా పస్తులు తెలిసిన పిల్లకు కొత్తగా ఉపవాసం నేర్పక్కర్లేదు. ఉపవాసం నేర్చుకోవలసింది కూలి ఎగ్గొట్టేవాడు. బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఇంటికి పోయి చదివించుకోండి. కాడి విరగ్గొట్టడం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, అదీ దేవుడికి ఇష్టమైన ఉపవాసమని ప్రవక్త చెప్పాడు.

ఇందాక పిల్లలు సిలువమార్గం చేశారు. 14 స్థలాలు. ఐదో స్థలంలో సిరేనియ ఊరి సీమోను సిలువ మోస్తాడు. ఆయన పొలం వైపు నుంచి వస్తున్న మనిషి. మోస్తావా అని ఎవరూ అడగలేదు. సిపాయిలు పట్టుకుని మోయించారు. మన భాషలో దాన్ని వెట్టి అంటారు. మన తాతలు ఎన్ని తరాలు ఆ ఐదో స్థలంలో నిలబడ్డారో లెక్కలేదు. పిల్లలకు సిలువమార్గం చెప్పేటప్పుడు, సిస్టరమ్మలకు మా మనవి, ఆ మాట కూడా చెప్పండి. అప్పుడు ఆ కథ వాళ్ల తాత కథ అవుతుంది.

పవిత్ర గురువారం వస్తోంది. ఆనాడు 12 మందిని కూర్చోబెట్టి ఫాదరుగారు పాదాలు కడుగుతారు. ఆ 12 కుర్చీల్లో ఎప్పుడూ ఎవరు కూర్చుంటున్నారు? కమిటీ పెద్దలు, ఆస్తి ఉన్నవాళ్లు, ముందే కాళ్లు కడుక్కుని తెల్లపంచె కట్టుకొచ్చినవాళ్లు. 2013లో పోపు ఫ్రాన్సిసు రోములో చిన్నవయసు ఖైదీల జైలుకు పోయి 12 మంది పాదాలు కడిగారు. వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు. 2016 జనవరిలో ఆడవాళ్ల పాదాలు కూడా కడగవచ్చునని నియమమే మార్చారు. మరి మన గుడిలో ఎందుకు జరగదు? మిరపచేలో తిరిగి పగుళ్లిచ్చిన తల్లి పాదం, పంచాయతీ కాలవలు తీసే అన్న పాదం, బడిలో అన్నం వండే అక్క పాదం ఆ పళ్లెంలో పడాలి. 2022లో పవిత్ర గురువారం ఏప్రిల్ 14న పడింది, అంబేడ్కర్ జయంతి నాడే. పొద్దున విగ్రహానికి దండ, సాయంత్రం గుడిలో పాదాలు కడగడం. ఆ రెండూ వేరు వేరు పనులు కావని మనం అర్థం చేసుకుంటే చాలు.

అందుకని ఈ తపస్సుకాలంలో మనం చేయవలసినవి నాలుగు చెబుతున్నాం.

ఒకటి. కోతలకు పిల్లల్ని తీసుకుపోవద్దు. తల్లులు చేలో ఉన్నంతసేపూ, ఒంటిపూట బడి అయినాక కూడా, చిన్నపిల్లలు ఈ ఆవరణలోనే ఉండేటట్టు సిస్టరమ్మలతో మాట్లాడదాం. మా సంఘం యువకులు వంతులవారీగా కూర్చుని చదివిస్తారు.

రెండు. శుక్రవారమైనా ఏ వారమైనా పిల్లల పళ్లెంలో గుడ్డు పిల్లలే తినాలి.

మూడు. పాదాలు కడిగే 12 మందిలో సగం మంది ఆడవాళ్లు, అందులోనూ కూలి చేసుకునేవాళ్లు ఉండాలని ఫాదరుగారికి అర్జీ ఇద్దాం. అదే అర్జీలో సమాధుల గోడ మాట కూడా రాద్దాం.

నాలుగు. 1950 ఉత్తర్వు మూడో పేరా తీసేయాలని గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ పేరా తీసేయమన్నది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ గారి కమిషను వేసి, రెండేళ్ల గడువు పెట్టి, ఆ గడువును పొడిగించుకుంటూ పోయింది. కమిషన్లు ఎన్ని వేసినా మనం కదలకపోతే కాగితం కదలదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనం చేరితే హిందూ దళితుల వాటా తగ్గుతుందని, మన అన్నదమ్ముల మధ్యే తగువు పెట్టేవాళ్లు ఉన్నారు. తలలు పెరిగితే వాటా కూడా పెంచమని అందరం కలిసి అడుగుదాం. ఒక ముంతలో కూడు ఇద్దరికి చాలకపోతే ముంత పెద్దది అడగాలి గానీ తమ్ముణ్ని వెళ్లగొట్టకూడదు. మాల, మాదిగ, కతోలిక, లూథరను, హిందూ అని చీలిపోతే ఊరి పెత్తందారుకు అదే పండుగ.

వచ్చే ఏడాది విభూది బుధవారం నాటికి ఆ పేరా పోతుందని మేము మాట ఇవ్వలేం. కానీ ఆ రోజుకు ఈ వాడలో ప్రతి తల్లికీ ఆ పేరా సంగతి తెలిసి ఉండాలి. బిడ్డ నుదురు తుడవాల్సి వస్తే, ఎవరి భయానికి తుడుస్తున్నదో ఆమెకు తెలిసి ఉండాలి. ఆ భయం పేరు తెలిసినవాళ్లు పదిమంది ఒకచోట చేరితే అక్కడి నుంచి పోరాటం మొదలవుతుంది. అర్జీ కాగితం ఇక్కడే బల్ల మీద ఉంది. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర వేసి ఇంటికి పోండి.

జై భీమ్!